చేతిలోని కుతుబ్‌ఖానా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాళ్లము. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, ఇంగ్లీషు రాకుంటే కంప్యూటర్ చదువు రాదా?" అని అడిగింది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది, నాయన గల్ఫ్‌లో ఉన్నాడు. మేము ఏదో చెప్పి కూర్చోబెట్టినాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జవాబు మాకే తెలియదు గనుక.

అప్పటినుండి ఫోన్‌లో వెతికి చదవడం మొదలుపెట్టినాము. ఆ చదువులో తెలిసిన మూడు సంగతులు మనవి చేస్తాము.

మొదటిది మన ఇంటి సంగతే. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెప్పేందుకే పుట్టింది. పెద్ద పెద్ద శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి దించినారు. 1948 తర్వాత బోధనా భాష మారింది, పుస్తకాలు అలమారీలలో దుమ్ము పట్టినవి. వాటికి మళ్లీ వెలుగు చూపినది కంప్యూటరే! చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌కెక్కించే పనికి పెద్దదిక్కుగా నిలిచినారు. ఉస్మానియా గ్రంథాలయంలోని ఉర్దూ, తెలుగు పుస్తకాలెన్నో అట్లా ఎక్కినవి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా చదవవచ్చు.

రెండవది, డైక్‌స్ట్రా అనే హాలెండు పండితుని సంగతి. 1972లో ఆయనకూ ట్యూరింగ్ అవార్డు వచ్చింది. తన ఆలోచనలను ఎక్కువగా కలంతో కాగితం మీద రాసి, నంబరు వేసి, నకళ్లు తీసి స్నేహితులకు పంపేవాడు. పదమూడు వందలకు పైగా ఉన్న ఆ కాగితాలను టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు అందరికీ తెరిచి పెట్టినారు. అంత పెద్ద కంప్యూటర్ పండితుడు కలం పట్టి ఆలోచించినాడంటే, కంప్యూటర్ లేని బడిలో కూడా ఆ చదువుకు బీజం వేయవచ్చునని మాకు ధైర్యం కలిగింది.

మూడవది, అల్గారిథం అనే మాట. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లో మారి మారి ఆ మాట అయింది. ఆయన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుండే ఆల్జీబ్రా వచ్చింది. పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు.

అయితే ఇంట్లో కుతుబ్‌ఖానా ఉన్నంత మాత్రాన చదువు రాదు. మన చేతిలోని ఫోన్ కుతుబ్‌ఖానాయే, కాని మనము దానిలో వీడియోలే చూస్తున్నాము. వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్ముతున్నాము. రాసినవారెవరు, ఏ సంవత్సరం, ఏ సంస్థ అని చూడటం ముందు మనము నేర్చుకొని తర్వాత పిల్లలకు నేర్పాలి. కొత్త సంగతులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నవి, నిజమే. వాటిని చదివి పిల్లల భాషలో చెప్పడం ఉపాధ్యాయుని బాధ్యత. పూర్వం దారుల్ తర్జుమా వారు చేసిన పని అదే గదా!

కాబట్టి సంఘానికి మా విన్నపం ఒకటే. ప్రతి ఆదివారం ఒక గంట సంఘం గదిని చదువుకు ఇవ్వండి. ఒక పాత కంప్యూటర్ చాలు. ఆడపిల్లలను తప్పక పంపండి. మేము వచ్చి కూర్చుంటాము.

ఆ అమ్మాయికి మేము జవాబు బాకీ ఉన్నాము. "వస్తుంది బిడ్డా, కలిసి చదువుదాం" అని చెప్పే అవకాశం మీరే ఇవ్వాలి.