సరుకు వెళ్లింది, ఇక మనం వెళ్దాం

(యువజన సదస్సులో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  

విదేశాల్లో జరిగే అంతర్జాతీయ వ్యాపార సదస్సుకు మన పిల్లలు ఎలా సిద్ధం కావాలి, అక్కడ పరిచయాలు ఎలా పెంచుకోవాలి అన్నది ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం. ఈ మాట వినగానే "మనకెందుకు, అది పెద్దోళ్ల పని" అని కొందరికి అనిపించవచ్చు. అందుకే ముందుగా ఒక సంగతి గుర్తుచేస్తాం.

మన సరుకు విదేశం వెళ్లడం కొత్త కాదు. వరంగల్ తివాచీ 1851లోనే లండన్ మహా ప్రదర్శన చూసింది. దాన్ని నేసిన చేతుల పేర్లు ఈ రోజు మనలో ఎవరికీ తెలియవు. అరకు కొండల్లో ఆదివాసీ రైతులు పండించిన కాఫీకి 2017లో పారిస్‌లో సొంత పేరుతో దుకాణం వచ్చింది, 2018లో అక్కడి పోటీలో బంగారు బహుమతి వచ్చింది. రైతులు సహకార సంఘంగా కూడారు, నాంది ఫౌండేషన్ వాళ్లు ఆ కాఫీని పారిస్ దాకా చేర్చారు. మంచి పని, మెచ్చుకుందాం. ఆ చేర్చే పని రేపు మన ఇంటి పిల్లలే చేయాలన్నది మన సంఘం కోరిక. సరుకు వెళ్లినచోట మనిషి లేకపోతే ధర చెప్పేది వేరేవాళ్లు, కథ చెప్పేది కూడా వేరేవాళ్లే.

వ్యాపారం మనకు రాదనేవాళ్లకు లంబాడా తాతల ముచ్చట చెప్పండి. తండా అంటే ఒకప్పుడు ఊరు కాదు, సరుకు మోసే ఎడ్ల బిడారు. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద వేసుకొని దక్కనంతా తిరిగిన లదేణి వ్యాపారం మనది. కొత్త ఊరికి పోయి, కొత్త భాషలో బేరం చేసి, మళ్లీ వచ్చే ఏడు అదే దారిలో పోగలిగే పరిచయం పెట్టుకొని వచ్చేవాళ్లు. ఇప్పుడు నెట్‌వర్కింగ్ అంటున్నది దాన్నే.

ఇక సిద్ధం కావడం సంగతి. మొదటిది కాగితాలు. మనవాళ్ల ప్రయాణాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆధార్‌లో బానోత్, పదో తరగతి మెమోలో బానోతు, కుల ధ్రువీకరణలో భానోత్. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనుక. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు ఒక గడి ఉంటాయి. తేడా ఉంటే అక్కడే ప్రశ్న మొదలవుతుంది. కాబట్టి సదస్సు ఉన్నా లేకపోయినా ఈ నెలలోనే మీ కాగితాలన్నీ ఒక మంచం మీద పరిచి అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. తప్పులుంటే ముందు సరిచేయించండి. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు, వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1500 రూపాయలు.

వీసా ఒక్కో దేశానికి ఒక్కో తీరు. జర్మనీ, ఫ్రాన్సు లాంటి షెంగెన్ దేశాలకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. ఆఖరి 15 రోజుల దాకా ఆగితే కష్టం. ఇంకో హెచ్చరిక. "మీరు ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ డబ్బు కట్టండి" అని తెలియనివాళ్ల నుంచి ఆహ్వానం వస్తే సంబరపడకండి. ఆ సదస్సు నిజంగా ఉందో లేదో, పోయినేడు ఎవరు వెళ్లారో కనుక్కోండి. ఏజెంటు చేతిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టకండి.

రెండోది ఖర్చు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. ఎగుమతి, దిగుమతులకు కావలసిన ఐఈసీ కోడ్ ఫీజు 500 రూపాయలు. ఈ రెండూ ఉంటే మీరు కాగితం మీద కూడా వ్యాపారస్తులే. 2016లో మొదలైన నేషనల్ ఎస్సీ ఎస్టీ హబ్ కింద విదేశీ వాణిజ్య ప్రదర్శనలకు వెళ్లే ఎస్టీ పారిశ్రామికులకు సాయం చేసే పథకం ఉంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనకముందే ఎన్‌ఎస్‌ఐసీ వాళ్లను అడగండి. కొన్నాక అడిగితే లాభం ఉండకపోవచ్చు.

మూడోది పెట్టెలో పెట్టేవి. మన ఇండ్లలో ముద్దుగా దాచుకున్న కొన్ని వస్తువులు సరిహద్దు దాటకూడదు. అమ్మమ్మల నాటి ఏనుగు దంతపు గాజులు ఇంట్లోనే ఉంచండి. ఆదిలాబాద్ తమ్ముళ్ల గుస్సాడీ టోపీ ఎంత అందమైనదైనా దాని నిండా నెమలి ఈకలు ఉంటాయి, నెమలి ఈకల ఎగుమతి మన దేశంలో నిషేధం. న్యూజిలాండ్‌కు తేనె తీసుకుపోనివ్వరు. తినే వస్తువు ఏది ఉన్నా అక్కడి ఫారంలో రాయాలి, రాయకుండా దొరికితే 400 డాలర్ల జరిమానా. ఇప్పపువ్వు, తేనె, చింతపండు నమూనాలు చూపించాలంటే ఆ దేశం నియమం ముందే చదవండి. అనుమానముంటే మంచి ఫొటోలు, ల్యాబ్ రిపోర్టు తీసుకెళ్లండి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మీ లెక్క. కొనేవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు: ధర ఎంత, ఎన్ని ఇవ్వగలరు, ఎప్పటికి ఇస్తారు. అద్దాల కుట్టు ఉన్న ఒక దిండు గలీబుకు నాలుగు రోజులు పడుతుందనుకుందాం. తండాలో పదిమంది అక్కలు నెలకు 25 రోజులు కుడితే అరవై పైచిలుకు వస్తాయి. అక్కడ ఎవరో "500 కావాలి, రెండు నెలల్లో" అంటే సంతోషంలో సరే అనేస్తామా? ఆ పనికి ఎనిమిది నెలలు కావాలి. సరే అన్న మాట మీ నోటి నుంచి వస్తుంది, నిద్ర పోయేది మాత్రం తండాలో కుట్టే అక్కలకు. "మొదట 100 ఇస్తాం, రెండు నెలలు పడుతుంది" అని ధైర్యంగా చెప్పండి. నిజమైన కొనుగోలుదారు దానికి విలువ ఇస్తాడు. ధరలో ప్యాకింగు, రవాణా, కుట్టినవాళ్ల కూలీ అన్నీ కలిపారా అని ఇంటి దగ్గరే చూసుకోండి.

ఇక పరిచయాలు. ప్రపంచంలోని ఆదివాసీ వ్యాపారుల కోసమే వరల్డ్ ఇండిజినస్ బిజినెస్ ఫోరం అనే సదస్సు ఉంది. 2010లో న్యూయార్క్‌లో మొదలైంది, 2018లో న్యూజిలాండ్‌లోని రొటొరువాలో, మావోరీల గడ్డ మీద జరిగింది. మావోరీలు తమను పరిచయం చేసుకునేటప్పుడు ముందు తమ కొండ పేరు, నది పేరు, తెగ పేరు చెప్పి, ఆ తర్వాతే తమ పేరు చెబుతారు. మనకు ఇది కొత్తా? ఇద్దరు లంబాడాలు కలిస్తే గోత్రం అడుగుతారు. కోయవాళ్లు ఏ గట్టు అని అడుగుతారు. రెండు మాటల్లో చుట్టరికం తేలిపోతుంది. అదే పద్ధతి అక్కడ వాడండి: ఫలానా తండా, గోదావరికి ఇంత దూరం, మా అమ్మలు ఈ కుట్టు కుడతారు, మేము దీన్ని అమ్ముతాం, మాకు ఇలాంటి భాగస్వామి కావాలి. అర నిమిషంలో చెప్పగలిగేలా అద్దం ముందు, ఆ తర్వాత హాస్టల్ మిత్రుల ముందు చెప్పి చూడండి.

ఇంగ్లీషు గురించి భయపడకండి. మీలో చాలామందికి ఇంటి భాష ఒకటి, తెలుగు ఒకటి, వరంగల్ బజారు హిందీ ఒకటి ఇప్పటికే వచ్చు. మూడు భాషలు నేర్చినవాళ్లకు నాలుగోది అడ్డం కాదు. చిన్న వాక్యాలు చాలు. అవతలివాళ్లు చెప్పేది వినండి. కార్డు తీసుకున్నాక దాని వెనుక ఏం మాట్లాడారో ఒక ముక్క రాసుకోండి. రెండు రోజుల్లో ఈమెయిల్ పంపండి. యాభై కార్డులు పోగుచేసుకొచ్చి బీరువాలో పెట్టడం కన్నా ఐదుగురితో ఏడాదంతా మాట్లాడటం మేలు.

ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టుకోండి. కొండ మందుల సంగతి, ఏ ఆకు దేనికి వాడతారో, మొహమాటానికి పోయి చెప్పకండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన దేశపు మొక్కలను, వాటితో ముడిపడిన జ్ఞానాన్ని విదేశీయులు వాడుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి కావాలి. అది గూడెం మొత్తం సొత్తు. ఒక్కరు ఇచ్చేసేది కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సదస్సుల్లో మనవాళ్లను డప్పుతో, నాట్యంతో స్వాగతం పలకడానికి పిలవడం మనం చాలాసార్లు చూశాం. మన ఆట మన గౌరవమే, ఆడదాం. ఆట అయ్యాక బల్ల దగ్గర కుర్చీలో కూడా కూర్చుందాం. మొదట హైదరాబాద్ ప్రదర్శనలో, తర్వాత ఢిల్లీ ఆది మహోత్సవ్‌లో స్టాలు పెట్టి అలవాటు పడండి. ఆ పైన విమానం.

మేడారం పోవాలంటే నెల ముందు నుంచే ఇంట్లో బంగారం తూకం గురించి, బండి గురించి, తోడు గురించి మాట్లాడుకుంటాం. ఎవరూ ఒంటరిగా పోరు. ఈ ప్రయాణమూ అలాగే చేద్దాం. మీలో ఒకరికి పిలుపు వస్తే కాగితాలు చూడటానికి, లెక్క సరిచూడటానికి, అర నిమిషం మాట వినడానికి సంఘం మీ వెంట ఉంటుంది. వెళ్లివచ్చినవాళ్లు నేర్చుకున్నది తర్వాతివాళ్లకు చెప్పాలి. మేము మీ నుంచి అడిగేది అదొక్కటే.

జై సేవాలాల్! జై సమ్మక్క సారలమ్మ!