ఎలగందుల ఊగే మినార్లు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది కరీంనగర్ కచేరీలలోనే సర్వీసు పూర్తి చేసుకున్నాం. కానీ 1905 వరకు జిల్లా కేంద్రం ఎలగందుల. కరీంనగర్ పేరు కూడా ఎలగందుల ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదుగా వచ్చిందే. అంటే మన కచేరీలకు పుట్టినిల్లు మానేరు ఒడ్డున ఉన్న ఆ ఊరే. కాకతీయులు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు వరుసగా ఏలిన కోట అది.

అక్కడ 1754లో జఫరుద్దౌలా ఒక మసీదు కట్టించాడు. నిర్మల్ చరిత్రలోనూ ఆయన పేరు వినిపిస్తుంది. ఈ మసీదు మినార్లను ఊపితే ఊగుతాయని ప్రసిద్ధి.  అహమ్మదాబాద్‌లోని సీదీ బషీర్ మసీదు, ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో ఉన్న మినార్లు కూడా ఇటువంటివే. అక్కడ ఒక దాన్ని ఊపితే రెండవది కూడా కదులుతుంది.

ఇది మంత్రం కాదు. సన్నగా, ఎత్తుగా లేచిన రెండు స్తంభాలు ఒకే పునాదిని, ఒకే కప్పును పంచుకున్నప్పుడు ఒకదాని కదలిక రెండవదానికి చేరుతుంది. రెండింటి తూగు ఒకటే అయితే ఆ కదలిక పెరుగుతుంది. ఉయ్యాలను దాని తూగుకు తగినట్టు తోస్తే, చిన్నపిల్లవాడు తోసినా పైకి లేస్తుంది కదా! ఆనాటి దక్కన్ కట్టడాలలో వాడిన డంగు సున్నం సిమెంటు వలె బిరుసుగా ఉండదు. కొంత కదలికను ఓర్చుకుంటుంది.

అయితే ఓర్పుకూ ఒక హద్దు ఉంటుంది. ఊపిన ప్రతిసారీ పాత సున్నం కొంత వదులవుతుంది, సందులో వాననీరు చేరుతుంది, రావి మొలక వేరూనుతుంది. పగులు కనిపించగానే సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాక గోడ మరింత చెడుతుంది. పాత కట్టడానికి పాత సున్నమే మందు.

కనుక మిత్రులారా, సెలవులకు వచ్చే మనుమలను, మనుమరాళ్లను ఎలగందులకు తీసుకువెళ్లండి. మోకాళ్లు సహకరించకపోతే కిందనే కూర్చుని చరిత్ర చెప్పండి. మినారును ఊపి చూడవద్దని, గోడలపై పేర్లు గీయవద్దని కూడా చెప్పండి. రెండున్నర శతాబ్దాలు దాటి నిలిచినదాన్ని మన సరదా కోసం పరీక్షించనక్కరలేదు. ఇన్నేళ్లు రికార్డులను భద్రపరచిన వాళ్లం మనం. మన జిల్లాకు ఇది రాతిలో ఉన్న రికార్డు. దీన్నీ భద్రంగా తరువాతి తరానికి అప్పగిద్దాం.