కట్టు విప్పాక ఏం చేయాలి?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎముకల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అందులో చెప్పేదేముంది, విరిగితే కట్టు కట్టించుకోవడమే కదా అనుకుంటాం. కట్టుతో పని అయిపోయిందనుకోవడం వల్ల జరిగే నష్టాన్ని మీ ముందు పెట్టడమే నా ఉద్దేశం.

మన ఇళ్ళలో జరిగేదే చూడండి. నానీయో దాదీయో ఫజర్‌కి లేచి, వజూ చేసుకోబోయి తడి గచ్చు మీద జారుతుంది. చెయ్యి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. ఆరు వారాలకి కట్టు విప్పుతారు. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని ఆ సంగతి మరిచిపోతాం. నాలుగేళ్ళ తర్వాత ఆవిడే మంచం దిగుతూ పడితే, ఈసారి తుంటి విరుగుతుంది.

నిలబడ్డ ఎత్తునుంచి పడినంత మాత్రాన గట్టి ఎముక విరగకూడదు. విరిగిందంటే లోపల గుల్లబారిందన్నమాట. దీన్నే ఆస్టియోపొరోసిస్ అంటారు. ఎముకలో పాతది కరగడం, కొత్తది కట్టుకోవడం జీవితాంతం జరుగుతూనే ఉంటాయి. ఆడవారికి ముట్లుడిగాక కరగడం ఎక్కువవుతుంది. మగవారికీ వయసుతో వస్తుంది. ఉబ్బసానికో, కీళ్ళ నొప్పులకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి ఇంకా ముందే వస్తుంది. పెద్దలు పొట్టిబడి నడుం వంగితే వయసు మీద పడిందంటాం. చాలాసార్లు అది వెన్నుపూస నొక్కుకుపోవడమే.

ఒకసారి ఇలా విరిగినవారికి మళ్ళీ విరిగే అవకాశం సుమారు రెండింతలు. తుంటి విరిగిన పెద్దవారిలో అయిదుగురికి ఒకరు ఏడాది లోపలే చనిపోతున్నారు. అయినా ఎముకల బలానికి మందు అందేది కొద్దిమందికే. అన్నీ ఉన్న అమెరికాలోనే తుంటి విరిగినవారిలో మందు పొందినవారు 2002లో నూటికి 40 మంది; 2011 నాటికి 20కి దిగిపోయారు. ఎందుకిలా? ఎముకల డాక్టరు ప్లేటు వేసి తన పని ముగించారు. మామూలు డాక్టరు అది ఎముకల డాక్టరు పని అనుకున్నారు. ఇంట్లోవాళ్ళు ఇద్దరినీ అడగలేదు.

మందు లేక కాదు సుమండీ. వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఉంది. ఏడాదికి ఒకసారి రక్తనాళంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. తుంటి విరిగినవారికి ఈ ఇంజక్షన్ ఇచ్చి చూస్తే, మళ్ళీ ఎముకలు విరగడమే కాదు, మరణాలు కూడా నూటికి 28 వంతులు తగ్గాయని 2007లో తేలింది. మాత్రను పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. రంజాన్‌లో ఎలా వేసుకోవాలో డాక్టరు గారిని ముందే అడగండి. సహరీకి అరగంట ముందు లేస్తే చాలామందికి వీలవుతుంది. మూత్రపిండాల పరీక్ష, పళ్ళ పరీక్ష ముందే చేయించుకోవాలి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా యంత్రం దగ్గరలో లేదని ఆగిపోనక్కరలేదు. పెద్ద వయసులో చిన్నపాటి పడడానికే తుంటి గాని వెన్నుపూస గాని విరిగితే, ఆ గుర్తు చూసే డాక్టరు మందు మొదలుపెట్టవచ్చు.

ఇక తిండి సంగతి. ఎముక విరగ్గానే పాయా చేసి పెడతాం. తప్పు లేదు గాని, అందులో కాల్షియం తక్కువే. రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని 2020లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. మన చోడిపిండి 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. చోడంబలి, పెరుగు, నువ్వులు బీదవాడికీ అందేవే. విటమిన్ డి కోసం ఎండ కావాలి. పొద్దుటి ఎండ చాలదు. 11 నుంచి 2 గంటల మధ్య ఎండే పనిచేస్తుందని తిరుపతిలో జరిగిన పరిశోధనలో తేలింది. పర్దాలో ఉండే అక్కచెల్లెళ్ళు డాబా మీద చాటు చూసుకుని కాసేపు ముఖానికీ చేతులకూ ఎండ తగలనివ్వండి. అయితే ఎముక విరిగాక తిండీ ఎండా మాత్రమే సరిపోవు, మందు తప్పదు.

2022లో మన సబ్బవరం అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, పెద్ద వైద్యానికి మనం విశాఖపట్నం వెళ్ళవలసిందే. ఒంటరి ముసలమ్మ అంత దూరం ఎలా వెళ్తుంది? అందుకే సంఘానికి నా మనవి. యాభై దాటి ఎముక విరిగినవారి పేర్లు వీధివారీగా రాయండి. ఒక్కొక్కరికి తోడుగా ఒక కుర్రవాణ్ణి పంపండి. మందు కొనలేని బీదవారికి జకాత్ సొమ్ములోంచి సాయం చేయండి. మసీదులో వజూ చేసేచోట గరుకు రాళ్ళు, పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయించండి.

ఇళ్ళకు వెళ్ళాక అమ్మీనీ, నానీనీ, దాదీనీ ఒక్కమాట అడగండి: "నీకు ఎప్పుడైనా ఎముక విరిగిందా?" విరిగిందంటే, పాత చీటీలు పట్టుకుని డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి, "విరిగింది అతికింది, మళ్ళీ విరక్కుండా ఏం ఇస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్న మనం అడిగితేనే వైద్యం మొదలవుతుంది.