తుప్పు రిజిస్టరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా అనుభవాల గురించి మాట్లాడమన్నారు. అక్కడికి వెళ్ళివచ్చిన మనవాళ్ళందరూ నయాగరా జలపాతం గురించి చెబుతారు. గత మూడు సమావేశాల్లోనూ నయాగరా విన్నాం గనుక నేను దాని జోలికి పోను. ఆ ఆరు నెలల్లో నేను ఎక్కువ కాలం గడిపింది ఒక కారు షెడ్డులో, తుప్పు పట్టిన ఒక పాత కారు దగ్గర. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

2022 అక్టోబరులో నేనూ, మా ఆవిడా ఓహైయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాం. పక్కింట్లో ఉండేది ఒక రిటైర్డు పోస్టల్ ఉద్యోగి. ఆయనా మనలాంటి పెన్షనరే. 1972లో తయారైన డాడ్జ్ డార్ట్ కారును షెడ్డులో పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళ మనవడితో కలిసి బాగు చేస్తున్నాడు. నేను ఎల్.డి.సి.గా ఉద్యోగంలో చేరిందీ 1972లోనే. ఆ కారుదీ, నా సర్వీసు రిజిస్టరుదీ ఒకటే వయసన్నమాట. ఆ ముక్క చెప్పగానే ఆయన నవ్వి, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. స్నేహం అలా మొదలైంది. అలవాటు కొద్దీ నేను ఆయన్ని "సర్" అనేవాణ్ణి. వద్దని ఎన్నిసార్లు చెప్పినా నా నోరు మారలేదు.

ఆ కారును ఊళ్ళో తిరగడానికి కాదు, డ్రాగ్ రేసు కోసం తయారు చేస్తున్నారు. డ్రాగ్ రేసు అంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే తిన్నగా పావు మైలు, అనగా 1,320 అడుగులు పరుగెత్తడం. మలుపులుండవు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాలిఫోర్నియా కుర్రకారు వీధుల్లో ఇలా పందేలు కాసి ప్రాణాల మీదికి తెచ్చుకుంటుంటే, వాళ్ళను ఒక పద్ధతిలో పెట్టాలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. వారి మొదటి జాతీయ పోటీ 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో జరిగింది. ఓహైయోలో కూడా నార్వాక్ అనే ఊళ్ళో పేరున్న ట్రాక్ ఉంది.

సామాన్యులు ఆడేది బ్రాకెట్ రేసు. తన కారు ఎన్ని సెకన్లలో పావు మైలు పోతుందో ఎవరికి వారు ముందే రాసి ఇస్తారు. నెమ్మది కారుకు ఆ తేడా మేరకు దీపం ముందు వెలుగుతుంది. తాను రాసి ఇచ్చిన దానికన్నా త్వరగా పోయినా ఓడిపోయినట్లే. కనుక పాత కారువాడైనా గెలవవచ్చు, తన బండి సంగతి తాను ఉన్నదున్నట్టు చెప్పుకోగలిగితే. ఈ నిబంధన నాకు చాలా నచ్చింది.

ఇక తుప్పు విషయం. ఓహైయోలో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగున చేరుతుంది. ఇనుముకు నీరూ, గాలీ తగిలితేనే తుప్పు పడుతుంది గదా, ఉప్పు కలిస్తే అది ఎన్నో రెట్లు వేగంగా పడుతుంది. అల్యూమినియం మీద పట్టే పొర ఆ లోహాన్నే కాపాడుతుంది గానీ, ఇనుము తుప్పు పెచ్చులుగా ఊడి, కింద ఉన్న కొత్త ఇనుమును మళ్ళీ తడికి అప్పగిస్తుంది. పైగా ఈ తుప్పు లోపలినుంచి మొదలవుతుంది. తలుపుల కింది గడపలు, చక్రాల వెనుక భాగాలు, డిక్కీ నేల, కాళ్ళు పెట్టుకునే నేల - ఇలా బురదా నీరూ నిలిచేచోట్లన్నీ లోలోపల తినేస్తుంది. బయట రంగు బుడగలెత్తి మనకు కనిపించేసరికి లోపల ఇనుము మిగలదు.

మొదట కారును పూర్తిగా విప్పారు. సీట్లు, అద్దాలు, తలుపులు, బోల్టులు అన్నీ సంచుల్లో వేస్తున్నారు. ఏ సంచిలో ఏముందో ఎక్కడా రాయడం లేదు! ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడు అది చూసి ఊరుకోగలడా? నేనే ప్రతి సంచికి చీటీ కట్టి, నంబరు వేసి, ఒక నోటుబుక్కులో గీతలు గీసి రిజిస్టరు తెరిచాను. ఆ తరువాత తుప్పుకు వేరే రిజిస్టరు పెట్టాను. వరుస సంఖ్య, తుప్పు ఉన్న చోటు, ఎంత మేరకు, తీసుకున్న చర్య, తేదీ, పొట్టి సంతకం - ఇవీ కాలములు. తాతా మనవలిద్దరూ మొదట నవ్వుకున్నారు. పది రోజులయ్యాక "రిజిస్టరులో ఏముంది?" అని వాళ్ళే అడగసాగారు.

తుప్పు వెతకడానికి అయస్కాంతం వాడారు. మంచి రేకుకు అది టక్కున అతుక్కుంటుంది. పుట్టీ మందంగా పూసినచోట జారిపోతుంది. పాత యజమాని ఎవరో గానీ, వెనుక చక్రం పైన పెద్ద చిల్లులో జాలీ కుక్కి, అరంగుళం మందాన పుట్టీ మెత్తి, నున్నగా రంగు వేయించాడు. మనవాళ్ళ టింకరింగ్ షెడ్లలో కూడా ఈ విద్య తెలిసినవాళ్ళు లేకపోలేదు.

కోసే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డింగు చేసి నిలబెట్టారు. గడపలు కోసినప్పుడు బాడీ కుంగి, తరువాత తలుపులు పట్టకుండా పోకూడదని. తుప్పు ఉన్నంత మేరే కోస్తే చాలదు, చుట్టూ మంచి ఇనుము మెరిసేదాకా కోయాలి. ఆ చిల్లుకు సరిపోయేట్టు కొత్త రేకు కత్తిరించి పెట్టి, వెల్డింగు ఒకచోట ఒక చుక్క, దూరంగా మరో చుక్క పెట్టుకుంటూ పోయేవారు. రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, ఒకేచోట గీతలాగా కాలిస్తే వేడికి వంకర్లు పోతుంది. ఒక జానెడు అతుకుకు పూట పట్టేది. ఆ తరువాత గ్రైండింగు, ప్రైమరు, సందుల్లో సీలరు.

ఈ డార్ట్‌కు లారీకి ఉన్నట్టు విడిగా చాసీ ఉండదు. బాడీయే చాసీ. డ్రాగ్ రేసులో బండి బయలుదేరేటప్పుడు ఇంజను బలమంతా బాడీని మెలితిప్పుతుంది. అందుకని ముందు దూలాలనూ వెనుక దూలాలనూ అడుగున కలుపుతూ అదనపు దూలాలు వేశారు. బండి పల్టీ కొడితే మనిషిని కాపాడటానికి లోపల ఉక్కు గొట్టాల పంజరం కట్టారు. ఆ పంజరం కాళ్ళు ఆనేది ఆరంగుళాల చదరపు పలకల మీద. ఆ పలకలు పట్టుకునేది కారు నేలను. నేల తుప్పైతే పంజరం ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

మార్చి వచ్చింది. పందేల కాలం దగ్గర పడింది. రిజిస్టరులో నలభై మూడు అంశాలకు నలభై రెండింటికి సంతకాలు పడ్డాయి. ముప్ఫై ఒకటో నంబరుకు "తరువాత చూడాలి" అని రాసి ఉంది. అది ముందు సీటు కింద అడ్డంగా ఉండే దూలం, ఎడమ కొస. ఈ కారుకు ముందు చక్రాల దగ్గర చుట్ట స్ప్రింగులుండవు. వాటి బదులు మెలికతో పనిచేసే రెండు పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. వాటి వెనుక కొసలను పట్టి ఉంచేది ఆ దూలమే. అది తుప్పు పట్టి వదిలేస్తే కడ్డీ నేలను చీల్చుకుని పైకి వస్తుందని ఆయనే నాకు ఎప్పుడో చెప్పాడు.

ఆ రోజు ఆయన బ్రష్షుతో తారు రంగు అడుగున పూయడానికి సిద్ధమవుతున్నాడు. దూలం మీద పాత తారు నల్లగా నున్నగా ఉంది. "బాగానే ఉన్నట్టుంది, దీని మీదే పూసేద్దాం" అన్నాడు. మనవడు ఏప్రిల్ ఆఖరుకు పందేనికి పేరు కూడా ఇచ్చేశాడు.

నేను అతిథిని. కారు పని తెలియనివాణ్ణి. ఊరుకోవచ్చు. కానీ నాకో పాత సంగతి గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. 1980లలో నేనొక ఆఫీసులో బిల్లుల సెక్షన్లో ఉన్నాను. మార్చి 31 సాయంత్రం ఒక చిన్న కల్వర్టు మరమ్మతు బిల్లు వచ్చింది. కొలతల పుస్తకంలో కొలిచిన తేదీ, పని అప్పగించిన తేదీకన్నా ముందుంది. నేను చూశాను. బడ్జెట్టు మురిగిపోతుంది, కానివ్వమన్నారు పైవాళ్ళు. "సక్రమముగా నున్నది" అని నోటు రాసి సంతకం పెట్టాను. ఆ వానాకాలం కల్వర్టు ఒక పక్క కూలి, సైకిలు మీద వస్తున్న పాలతను అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. విచారణ ఏమీ జరగలేదు. ఆడిట్ అభ్యంతరం కూడా రాలేదు. నా పెన్షనులో ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ ఆ కుంటి నడక బజారులో చాలా ఏళ్ళు చూశాను.

అందుకని రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టి, ముప్ఫై ఒకటో నంబరు మీద వేలు పెట్టి, "సర్, దీనికి సంతకం లేదు" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఏమీ అనకుండా బ్రష్షు డబ్బాలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరాయి దేశంలో పెద్దరికం చేశానేమోనని మా ఆవిడతో అన్నాను. "కారు నడిపేది వాళ్ళ మనవడే గదండీ. మీరు చెప్పింది ఆయనకు తెలియకపోదు" అంది.

మరునాడు పొద్దున్నే పిలుపు వచ్చింది. ఆయన అప్పటికే కారు కింద పడుకుని తారు గీకేశాడు. నన్ను చూసి స్క్రూడ్రైవరు కొస దూలానికి ఆనించి నొక్కాడు. అది పిడిదాకా దిగబడిపోయింది. ఎర్రటి పొడి రాలి ఆయన కళ్ళద్దాల మీద పడింది. కాసేపు ముగ్గురం మాట్లాడలేదు. తరువాత మనవడే సెల్‌ఫోను తీసి, ఆ పందెం నుంచి తన పేరు తీసేయించుకున్నాడు.

దూలం మార్చాలంటే గేరుబాక్సు దించాలి, కడ్డీలు తీయాలి, కొలతలు తేడా రాకుండా కొత్తది అతకాలి. నేను ఏప్రిల్‌లో తిరిగి వచ్చేశాను. ఆ ఏడాది పందేలకు వాళ్ళు వెళ్ళలేదు. ఆగస్టులో నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. రిజిస్టరు పేజీ అది. ముప్ఫై ఒకటో నంబరు ఎదుట "మార్చడమైనది" అని ఇంగ్లీషులో, తేదీతో సహా ఉంది. తాత సంతకం, మనవడి సంతకం పక్కపక్కన. వాటి పక్కన పెన్సిలుతో గీసిన ఖాళీ గడి ఒకటి, అందులో నా పేరు మొదటి అక్షరాలు. అది నా కోసం ఉంచారట.

2024 మే నెలలో ఆ కారు మొదటి పందెం పరుగెత్తింది. వీడియో పంపారు. మనవడు తొందరపడి దీపం వెలగకముందే బయలుదేరి, మొదటి రౌండులోనే ఓడిపోయాడు. అయినా వీడియోలో తాత చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. పరుగు పూర్తి చేసి బండి తిన్నగా వెళ్ళి తిన్నగా ఆగింది. నేను చూసుకున్నది అదే.

అక్కడ పందెం ముందు కార్లను తనిఖీ చేస్తారు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నట్టే. మనం కూడా డెబ్భై దాటిన బళ్ళం. షుగరు, బి.పి., గుండె - ఎక్కడెక్కడ తుప్పు మొదలైందో డాక్టరుకు చూపించుకోండి. "నాకేం, బాగానే ఉన్నాను" అని పైన పుట్టీ పూయకండి. ఇంట్లోవాళ్ళతో ఎప్పటినుంచో ఆగిపోయిన మాట ఏదైనా ఉంటే, ఆ ముప్ఫై ఒకటో నంబరును కూడా ఒకసారి తెరిచి చూడండి. నేను నాది ఇవాళ మీ ముందు తెరిచాను.