వెదురు కోత



మన గ్రంథాలయపు బీరువాలోనున్న అమరకోశమున వెదురునకు జెప్పిన పేర్లలో రెండు నాకు మిక్కిలి ప్రియమైనవి. ఒకటి త్వక్సారము, అనగా చర్మమునందే బలము గలది. రెండవది తృణధ్వజము, గడ్డిజాతికి జెండావంటిది. నేటి వృక్షశాస్త్రజ్ఞులును దీనిని గడ్డిలోనే చేర్చిరి. 1927 నాటి భారతీయ అటవీ చట్టము మాత్రము చెట్లలో లెక్కించెను. 2017లో గాని ఆ లెక్క సవరింపబడలేదు. లెక్కలు వ్రాయువాడను గనుక ఆ తొంబదియేండ్ల పద్దును జూచి నవ్వుకొంటిని.

త్వక్సారమన్న మాటలోని సత్యము మేదరివాని కత్తికి దెలియును. గడను బద్దలుగా చీల్చి, గట్టి అల్లికకు పై పొరనే కోరును. అట్టి గడలకై మన మేదరులిప్పుడు దూరపుటూళ్లకు బోవుచున్నారు. ఏమన, మన చెరువుగట్టు పొదలు ఏటేట క్షీణించుచున్నవి. నరుకుటవలన గాదు, నరుకు తీరువలన.

వెదురు దుబ్బు వెలుపలికి పెరుగును. వానకారు మొలకలు అంచున లేచును, ముదురుగడలు నడుమ మిగులును. ముండ్లలో చేయి పెట్టనేలయని మనవారు చేతికందిన అంచుగడలనే కొట్టుకొని పోదురు. మరుసటియేటి మొలకలకు బలమిచ్చునవి ఆ లేతగడలే! నడుమనున్నవి ఒకదానిపై నొకటి యొరగి యెండిపోవును.

కావున దుబ్బునకు ఒకవైపున గుర్రపు లాడమువలె దారిచేసి, లోపలనున్న మూడేండ్లు దాటిన గడలను దీయవలయును. ఏడాది గడను తాకరాదు. దాని గుర్తు సులభము: కణుపులవద్ద పొరలు, ఒంటిపై తెల్లని పొడి యుండును. ముదిరినదానికి మచ్చలు పడి పచ్చదనము తగ్గును. నేలకు దగ్గరగా, కణుపునకు సరిగా పైన కొట్టవలయును. ఎత్తుగా కొట్టినచో మోడు గిన్నెవలె నిలిచి, నీరు చేరి కుళ్లును.

మొలకలు లేచు వానకాలమున కత్తి పట్టరాదు. కార్తికమునుండి మాఘమువరకు మేలు. కొట్టిన గడలను కొన్ని వారములు చెరువులో నానవేసినచో లోని పిండిపదార్థము కరగి, పుచ్చుపురుగునకు తిండి తగ్గును. పందిరి రాటలకు, పాదుల తడికెలకు ఇట్టివే నిలుచును.

క్రొత్తగా నాటువారికి ఒక లెక్క. 15 అడుగుల యెడమున ఎకరమునకు 193 దుబ్బులు పట్టును. కోతకు అయిదారేండ్లు ఓపిక పట్టవలయును. మన రాష్ట్రమునకు 1967 నాటి అటవీ చట్టము వేరుగా నున్నది గనుక, పట్టాభూమిలోని గడయైనను బండి కెక్కించుటకు ముందు అటవీశాఖవారిని విచారించుకొనుడు.