‘లేదు’ అని వ్రాయుటకు ముందు
(స్నాతకోత్సవ ప్రసంగము)



స్నాతకోత్సవ ప్రసంగ మనగా సమస్త లోకవిషయములను స్పృశించి, ఏ యొక్కదానిని పట్టుకొనక ముగియునది యను అపప్రథ యొకటి కలదు. దానికి మఱొక నిదర్శనమును చేర్చ నిష్టములేక, నేడు నేను ఒక్క పనిని గూర్చి మాత్రమే మాటాడెదను. ఒక భూభాగముపై రహదారియో, కర్మాగారమో, గృహసముదాయమో నిర్మింప బూనుటకు ముందు, ఆ భూమిని ఆశ్రయించి బ్రతుకుచున్న రక్షిత జీవజాతు లెవ్వియో వెదకి లెక్కించు పని యది. జర్మనీ దేశము ఈ పనిని ఎట్లు నేర్చుకొన్నదో, ఎక్కడ తడబడినదో చెప్పి, జీవశాస్త్రము చదివిన మీకును, ఇంజనీరింగు చదివిన మీకును దానియందు గల పాలెంతయో విన్నవించెదను.

జర్మనీ ఈ విషయమున ఆదినుండి పండితురాలు కాదు. 1976లో చేసికొన్న సమాఖ్య ప్రకృతి సంరక్షణ చట్టము, ప్రకృతికి హాని చేయబూనినవాడు మొదట ఆ హానిని తప్పింపవలెననియు, తప్పింప శక్యము కానిదానిని మఱొకవిధమున పూరింపవలెననియు విధించినది. యూరోపీయ సమాజము 1979లో పక్షుల రక్షణకును, 1992లో ఇతర జీవజాతుల యొక్కయు వాని ఆవాసముల యొక్కయు రక్షణకును నిర్దేశములను వెలువరించినది. ఈ రెండవదానిని జర్మనీ తన శాసనములలో సరిగా ఇముడ్చుకొనలేదని 2006 జనవరిలో యూరోపీయ న్యాయస్థానము తీర్పు చెప్పెను; మఱుసటి సంవత్సరమే చట్టము సవరింపబడెను; 2010 మార్చి 1 నుండి సమగ్రమైన నూతన చట్టము అమలులోనికి వచ్చెను. దాని 44వ విభాగము రక్షిత జాతులను చంపుటను, గాయపఱచుటను, పట్టుటను, సంతానోత్పత్తి మొదలగు కాలములలో తీవ్రముగా కలవరపెట్టుటను, అవి పిల్లలను పెట్టుచోటులను, విశ్రమించుచోటులను పాడుచేయుటను నిషేధించును. 45వ విభాగము మినహాయింపునకు ద్వారము తెఱచినను, ఆ ద్వారము ఇఱుకైనది: ప్రబలమైన ప్రజాప్రయోజనము వంటి కారణ ముండవలెను, మఱొక సముచితమార్గము లేకుండవలెను, ఆ జాతి స్థితి దిగజాఱకుండవలెను.

ఈ నిషేధములు పుస్తకము నుండి నేలకు దిగవలెనన్న ఎవరో యొకరు ఆ నేలపై నడువవలెను. గూళ్లు కట్టు పక్షుల కొఱకు వసంతారంభము నుండి నడివేసవి వఱకు పలుమాఱులు వేకువనే వెళ్లి, ఏ మగపక్షి ఏ పొదనుండి కూయుచున్నదో పటముపై గుర్తింపవలెను. ఇసుకబల్లి కొఱకు ఎండ కాసియు వేడిమి ముదురని పూటలలో రైలుకట్టల వెంబడి, అడవుల అంచుల వెంబడి మెల్లగా నడువవలెను. గబ్బిలముల కొఱకు రాత్రులు మేల్కొని, మానవకర్ణమునకు వినరాని వాని ధ్వనులను యంత్రములతో పట్టవలెను. ముదిచెట్ల తొఱ్ఱలలోని చివుకుపొడిలో సంవత్సరముల తరబడి పెరుగు పెంకుపురుగు కొఱకు ఆ పొడినే పరీక్షింపవలెను. కావున నవంబరు మాసమున పరిశీలకుని పిలిచి, క్రిస్టమసు పండుగలోపల నివేదిక నిమ్మని కోరు నిర్మాణసంస్థకు నిజాయితీగల సమాధాన మొక్కటియే: వచ్చు వేసవి గడచువఱకు వేచియుండుడు. ధనముచేత మనుష్యులను ఎందఱనైనను నియమింపవచ్చును గాని, ఋతువును ముందునకు జరుపరాదు.

ఇచ్చట నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట యున్నది. ఒక ప్రాణి ఈ చోట ఉన్నదని చెప్పుటకు ఒక్క చూపు చాలును. లేదని చెప్పుటకు ఋతువంతయు చాలకపోవచ్చును. ఉన్నదని పొరపాటున వ్రాసినచో పని కొన్నాళ్లు ఆలస్యమగును. లేదని తొందరపడి వ్రాసినచో జరుగు నష్టము కనబడకుండనే జరిగిపోవును, దానిని గూర్చి ఫిర్యాదు చేయుటకు ఆ ప్రాణికి నోరు లేదు. కావున పరిశీలకుని ధర్మమంతయు ‘లేదు’ అను తీర్మానమును ఎంత కష్టపడి సంపాదించె ననుదానిపై నిలిచియున్నది.

జర్మనీ అనుభవము దీనినే నిరూపించును. డ్రెస్డెన్ నగరమున ఎల్బా నదిపై వాల్డ్‌ష్లోస్షెన్ వంతెనకు 2004లో అనుమతి లభించినది. 2007 ఆగస్టులో, గుఱ్ఱపునాడ వంటి ముక్కుగల ఒక చిన్న గబ్బిలము నిమిత్తమై అచ్చటి పరిపాలనా న్యాయస్థానము పనిని నిలిపినపుడు పలువురు నవ్విరి. కొన్ని నెలలకే పైన్యాయస్థానము అనుమతించెను, 2013లో వంతెన తెఱువబడెను. దాని మూలమున ఎల్బా లోయ యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవమును 2009లోనే కోల్పోయియుండెను. గబ్బిలముల కొఱకు వేసవి రాత్రులలో ఆ వంతెనపై వాహనములు గంటకు 30 కిలోమీటర్లకు మించి పోరాదని నియమము చేసిరి. కథ అంతటితో ముగియలేదు. 2016లో, యూరోపీయ న్యాయస్థానపు అభిప్రాయమును అనుసరించి, జర్మనీ సమాఖ్య పరిపాలనా న్యాయస్థానము ఆ అనుమతికి ముందు జరిగిన పర్యావరణ పరీక్ష చాలదనియు, లోపములను అనుబంధ విచారణచే సరిదిద్దవలెననియు నిర్ణయించెను. వాహనములు మూడేండ్లుగా తిరుగుచున్న వంతెనకు పూర్వపరీక్ష చేయుట ఇల్లు కాలిన పిమ్మట బావి త్రవ్వుటయే గదా!

బెర్లిను సమీపమున గ్రూన్‌హైడెలో టెస్లా కర్మాగారము కొఱకు చెట్లు నరకుచుండగా 2020 డిసెంబరులో ఉన్నత పరిపాలనా న్యాయస్థానము కొంత భాగమున ఆ పనిని ఆపించినది. అచ్చటి ఇసుకబల్లులును, విషములేని ఒక జాతి పాములును అప్పటికి భూగర్భమున శీతనిద్రలో నుండుటయే కారణము. పైకి చూచువానికి ఆ నేలపై చలికాలమున ఏ ప్రాణియు లేదు. కంటికి కనబడనిది లేనిదే యగునన్న భ్రాంతికి ఇంతకంటె స్పష్టమైన ఖండన మేమి కావలెను?

ఈ సంరక్షణమునకు మూల్య మధికమని ఆక్షేపించువారు కలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. స్టుట్‌గార్ట్ నగరపు నూతన రైల్వేస్టేషను నిర్మాణములో బల్లులను తరలించుటకు సుమారు 1.5 కోట్ల యూరోలు కావలసివచ్చునని రైల్వేవారే అంచనా వేసిరి. గృహములు లేక అద్దెలకు క్రుంగుచున్న కుటుంబముల వారు ఈ సంఖ్యను చూచి విసిగికొనుట సహజము. కాని ఇట్టి వ్యయము బల్లిచే మాత్రమే కలుగదు, ఆలస్యముచేతను కలుగును. పటము గీయుటకు ముందే నేలను చదివియున్నచో మార్గమును జరుపవచ్చును, ప్రత్యామ్నాయమైన ఆవాసమును ముందుగా పెంచియుంచవచ్చును. యంత్రములు వచ్చి నిలిచిన పిమ్మట తరలింపు తప్ప గతి యుండదు. తరలించిన ప్రాణి క్రొత్తచోట నిలదొక్కుకొను ననుటకు హామీయు లేదు.

పూర్వజ్ఞానము లేనిచోట ‘లేదు’ అను మాట ఎంత సులభమో జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణపు కీటకప్రియులు లోకమునకు చూపిరి. వారిలో పెక్కుమంది వృత్తిచే శాస్త్రజ్ఞులు కారు. ఏటేట ఒకే తీరు వలలుపన్ని, 63 రక్షిత ప్రదేశములలో పట్టుపడిన కీటకములను తూచి భద్రపఱచిరి. 27 సంవత్సరములలో ఎగురు కీటకముల మొత్తపు బరువు నాలుగింట మూడువంతులకు పైగా తగ్గిపోయెనని 2017లో ప్రకటితమైనపుడు యూరపు ఉలికిపడెను. ఆ పాత తూకములే లేకున్న, నేటి పరిశీలకుడు మిగిలిన కొలదిపాటి కీటకములనే ప్రకృతిసిద్ధమని నమ్మి సంతృప్తి చెందియుండును.

ఇది పరదేశపు కథ యని మీరు తలంపరాదు. మన కడప సీమలోని కలివికోడి యను పక్షిని 19వ శతాబ్దపు నడుమ జెర్డాన్ అను ఆంగ్లవైద్యుడు కనుగొనెను. 1900 తరువాత దానిని చూచినవారు లేకపోవుటచే అది నశించినదని పలువురు తీర్మానించిరి. చాలకాలము ఆ తీర్మానము చెల్లెను. 1986 జనవరిలో సిద్ధవటము సమీపమున స్థానికుడొకడు రాత్రివేళ ఆ పక్షిని పట్టి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి అన్వేషణకు ఫలమిచ్చెను. అంతకాలము ఆ పొదలలో అది బ్రతికియే యున్నది; వెదకవలసిన వేళలో, వెదకవలసిన చోట వెదకినవారే లేకపోయిరి. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పొదలవైపు సాగినపుడు, పరిశోధకులు దాని యునికిని అప్పటికే పరిశీలించి గుర్తించియుండుటచే కాలువ మార్గమును మార్పించుట సాధ్యమయ్యెను. రాయలసీమకు నీరు రాకపోలేదు, పక్షి ఉనికిపట్టుకును కొంత రక్షణ దొరకెను.

స్నాతకులారా, మీలో కొందఱు రేపు ఇట్టి నివేదికలు వ్రాయుదురు. జర్మనీలోను, మనదేశములోను, పరిశీలకునికి వేతనమిచ్చువాడు ప్రాయికముగా ఆ భూమిపై నిర్మింపగోరువాడే యగుట మీరు మఱవరాదు. ఆ వేతనము మీ శ్రమకు మాత్రమే గాని, మీ తీర్మానమునకు కాదు. మీలో కొందఱు రహదారులను, కాలువలను గీయుదురు. మీరు పటము విప్పుటకు ఒక సంవత్సరము ముందుగా జీవశాస్త్రజ్ఞుని పిలువుడు. మఱికొందఱు కార్యాలయములలో అనుమతిపత్రములపై సంతకము చేయుదురు. ఏ మాసమున చూచిరి, ఎన్నిమాఱులు చూచిరి, ఎవరు చూచిరి అను మూడు ప్రశ్నలకు సమాధానము లేని నివేదికను త్రిప్పి పంపుడు. చెట్టును, పిట్టను పేరుపెట్టి గుర్తింపగల నేర్పు నానాట క్షీణించుచున్నది గనుక, ఏ శాఖలో పట్టము పొందినను, మీ ఊరి చుట్టును బ్రతుకు జాతులను పేరుతో ఎఱుగుట మీ విద్యలో భాగముగా నెంచుడు.

దేశమునకు ఇండ్లును కావలెను, దారులును కావలెను, నీరును కావలెను. వానిని వలదనువాడు సంరక్షకుడు కాడు. చూడకయే ‘లేదు’ అని వ్రాయువాడు నిర్మాతయు కాడు. మీ చేతి సంతకమును నమ్మి ఒక అడవి నిలువవచ్చును, ఒక అడవి కూలవచ్చును. కావున చూచినదానినే వ్రాయుడు, చూడవలసినంత కాలము చూడుడు.