గంగమ్మ జాతర చూడవచ్చిన అమెరికా ఆచార్యురాలు

వీధి కార్నివాల్ అనగానే అందరికీ రియో గుర్తొస్తుంది. మన వడమాలపేటలో బస్సెక్కితే కాసేపట్లో చేరే తిరుపతిలో, ఏటా మే నెలలో, వారం పాటు ఊరే వేషం కడుతుంది. ఆ తాతయ్యగుంట గంగమ్మ జాతరను చూడడానికి అట్లాంటా నుంచి ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ వచ్చారు. దానిపై ఆమె రాసిన పుస్తకం 2013లో వెలువడింది. జాతర నాళ్లలో లోకమే స్త్రీ అవుతుందని ఆమె గమనింపు.

అది నిజం. మొక్కున్న మగవాళ్లు చీర కడతారు. మీసం మీసంగానే ఉంటుంది, సవరం జడలో పూలుంటాయి. కుచ్చిళ్లు సర్దేది ఇంట్లో ఆడవాళ్లే.

బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లటి నామంకొమ్ము పూత, నడుముకు వేపాకు. ఆపైన బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండల వేషాలు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చిందని కథ. దొరగా వచ్చి వాడి తల నరికింది. మర్నాడు మాతంగిగా వెళ్లి వాడి భార్యనే ఓదార్చింది. జాతర మొత్తంలో నా మనసును పట్టేసింది ఈ ఓదార్పే.

చివరిరోజు గుడి ముందు మట్టితో విశ్వరూపం నిలబెడతారు. దాన్ని తొలగించగానే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు.